పిల్లాడు ఏడవట్లేదు... అంటే నొప్పి లేనట్టేనా?

ఈ ఎపిసోడ్ ఎవరికోసమో ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో ఓ చిన్నపిల్లకో, పిల్లాడికో ఆపరేషన్ అయింది, లేదా అవబోతోంది. మీరు అమ్మానాన్నలు కాదు. పిన్నో, బాబాయో, మేనమామో, మేనత్తో, లేదంటే పెద్దన్నయ్యో అక్కో. ఇరవై ఏళ్లకి కాస్త అటూ ఇటూ ఉంటారు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది కాబట్టి పరుగులన్నీ మీవే. ఫైలు మీ దగ్గరే ఉంటుంది, మందుల చీటీ మీ దగ్గరే ఉంటుంది, ఐసీయూ బయట కుర్చీల్లో ముడుచుకుని పడుకునేది కూడా మీరే.

ఆపరేషన్ సంగతి సర్జన్ చూసుకుంటారు. ఆ తర్వాత ఐదారు రోజులు మంచం పక్కన కూర్చునేవాళ్లు ఏం గమనించాలి, ఎవరికి చెప్పాలి అనేది మాత్రం మనల్ని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. చెప్పినా ఆ కంగారులో బుర్రకెక్కదు. అందుకే ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

మా అక్క కొడుక్కి నాలుగేళ్లప్పుడు గుండె ఆపరేషన్ అయింది. గుండె కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం, వీఎస్‌డీ అంటారు. చిన్న రంధ్రాలైతే చాలామంది పిల్లల్లో వాటంతటవే మూసుకుపోతాయి. వాడిది మూసుకోలేదు, ఛాతీ తెరిచి ప్యాచ్ వేశారు. నేను డాక్టర్‌ని కాదండి. అక్కడ డాక్టర్లు, సిస్టర్లు చెప్పినవి, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి చెప్తున్నాను. మీ పిల్లాడి విషయంలో మీ డాక్టర్ ఇంకోలా చెప్తే ఆయన మాటే వినండి.

ముందు ఐసీయూ. మొదటిసారి లోపలికి పంపినప్పుడు కాళ్లు వణకడం మామూలే. పొద్దున మనతో కబుర్లు చెప్పిన పిల్లాడి ఒంటినిండా గొట్టాలు కనిపిస్తాయి. వాటిలో ఏది ఏంటో ముందే తెలిస్తే భయం సగానికి సగం తగ్గుతుంది. నోట్లోంచి వెళ్లేది శ్వాస గొట్టం. అది ఉన్నంతసేపు పిల్లాడు మాట్లాడలేడు, ఏడ్చినా గొంతు బయటికి రాదు. ఛాతీ కిందనుంచి వచ్చేవి డ్రెయిన్లు, లోపల చేరే రక్తాన్ని, నీటిని బయటికి తీస్తాయి. మెడ దగ్గరది మందులు ఎక్కించడానికి. మణికట్టు దగ్గర సన్నటి గొట్టం బీపీని ప్రతి కొట్టుకీ చూపిస్తుంది. మూత్రానికి ఒకటి ఉంటుంది. పొట్టపైభాగంలో సన్నటి వైర్లు కనిపిస్తే, అవసరమైతే గుండె వేగాన్ని సరిచేయడానికి తాత్కాలికంగా పెట్టినవి. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ తీసేస్తూ వస్తారు. మొహం ఉబ్బి ఉంటుంది కూడా. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు గుండె, ఊపిరితిత్తుల పని మెషీన్ చేస్తుంది కదా, దానివల్ల ఒంట్లో నీరు చేరుతుంది. రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది.

మానిటర్ బీప్ బీప్ అన్నప్పుడల్లా గుండె ఆగినంత పని అవుతుంది మనకి. చాలాసార్లు వేలికి పెట్టిన క్లిప్ కదిలినా అరుస్తుంది అది. నంబర్లు చూస్తూ కూర్చోకండి, పిల్లాడిని చూడండి. సిస్టర్ నింపాదిగా వచ్చి క్లిప్ సరిచేసి వెళ్లిందంటే మీరూ నింపాదిగా ఉండొచ్చు.

గొట్టం తీశాక మత్తులోంచి లేచిన పిల్లాడు అడిగే మొదటి మాట చాలావరకు ఒకటే: "నీళ్లు." అది వినడం కష్టం. మా అమ్మ అయితే "గుక్కెడు నీళ్లకి కూడా ఇంత ఏడిపించాలా" అని తలుపు బయట కళ్లు తుడుచుకుంది. కానీ మత్తు పూర్తిగా వదలకముందు తాగితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. గుండె ఆపరేషన్ అయినవాళ్లకి తర్వాత కూడా కొన్నాళ్లు ఎన్ని మిల్లీలీటర్లు లోపలికి వెళ్లాయి, ఎన్ని బయటికి వచ్చాయి అని లెక్క రాస్తారు, ఎక్కువైతే గుండెకి బరువు. కాబట్టి ఎవరూ చూడనప్పుడు కొబ్బరినీళ్లు పట్టేయడం ప్రేమ అనుకోకండి. పెదాలు ఎండిపోతుంటే తడి దూదితో అద్దొచ్చా అని అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఏదైనా తాగిస్తే సిస్టర్‌కి చెప్పి రాయించండి.

ఇక అసలు విషయానికి వస్తాను.

మూడో రోజు వాడిని వార్డుకి మార్చారు. డ్రెయిన్లు తీసేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట: "బంగారుతండ్రి, ఎంత బుద్ధిగా ఉన్నాడో, అస్సలు ఏడవట్లేదు." నిజంగానే ఏడవట్లేదు. వెల్లకిలా పడుకుని ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. పక్క మంచం మీద పాప ఆ ఉదయం నుంచి వార్డు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. అందరి దృష్టీ ఆ పాప మీదే. మా అక్క మాత్రం లేచి వెళ్లి సిస్టర్‌తో అంది: "సిస్టర్, వీడు ఏడవట్లేదండి. నా భయమే అది. ఇంట్లో వేలు తలుపులో పడినా వీధంతా వినిపించేలా ఏడ్చేవాడు. పొద్దుట్నుంచి తన జేసీబీ బొమ్మ కూడా అడగలేదు."

సిస్టర్ వచ్చి రెండు నిమిషాలు ఊరికే నిలబడి చూసింది. ఊపిరి పైపైనే తీస్తున్నాడు. మోకాళ్లు బిగపట్టి ఉన్నాయి. దగ్గు రాబోతే పెదాలు గట్టిగా మూసుకుని ఆపేసుకుంటున్నాడు. దగ్గితే ఛాతీ చీలినట్టు ఉంటుందని వాడికి తెలిసిపోయింది, అందుకని కదలకుండా ఉంటే చాలు అని వాడే ఓ ఉపాయం కనిపెట్టుకున్నాడు, నాలుగేళ్లకే. నొప్పి మందు మోతాదు సరిచేశారు. గంట తర్వాత దగ్గాడు. ఏడ్చాడు. అక్క కూడా ఏడ్చింది, ఈసారి ఊరటతో.

ఆ దగ్గుకి అంత విలువ ఎందుకంటే, మత్తు, శ్వాస గొట్టం, పడుకునే ఉండటం, వీటన్నిటివల్ల ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. దగ్గకపోతే, లోతుగా ఊపిరి తీయకపోతే అది అక్కడే గడ్డకట్టి, ఊపిరితిత్తిలో కొంత భాగం గాలి లేని బెలూన్‌లా ముడుచుకుపోతుంది. అక్కడే న్యుమోనియా మొదలవ్వచ్చు. అంటే నొప్పిని ఓర్చుకోవడం ఆపరేషన్ అయిన పిల్లాడికి గొప్ప లక్షణం కాదు, ప్రమాదం. "మావాడు భలే ధైర్యవంతుడు" అని మురిసిపోయే ముందు ఒకసారి ఊపిరి ఎలా తీస్తున్నాడో చూడండి.

సిస్టర్ ఆ రెండు నిమిషాలు ఏం చూసిందో తర్వాత అడిగి తెలుసుకున్నా. దానికో స్కేల్ ఉంది, పేరు ఫ్లాక్. 1997లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీవాళ్లు ప్రచురించారు. రెండు నెలల పసివాళ్ల నుంచి సుమారు ఏడేళ్ల పిల్లల వరకు, నొప్పి ఎంతుందో నోటితో చెప్పలేనివాళ్లకి వాడతారు. ఐదు విషయాలు చూస్తారు: మొహం, కాళ్లు, ఒంటి కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నాడా లేదా. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు, మొత్తం పది. పరీక్షకి తిరగేసిన లెక్క అన్నమాట, ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే పరిస్థితి బాగోలేదని. నాలుగు, ఆపైన ఉంటే నొప్పి ఓ మోస్తరుగానో, అంతకంటే ఎక్కువగానో ఉన్నట్టే. గమనించారా, ఐదింటిలో ఏడుపు ఒక్కటే. ఏడుపు సున్నా అయినా మిగతా నాలుగూ కలిపి ఎనిమిది వరకు రావచ్చు.

మూడేళ్లు దాటి, కాస్త మాట వినే పిల్లలకైతే బొమ్మ మొహాల స్కేల్ ఉంటుంది. వరుసగా ఆరు మొహాలు, నవ్వే మొహం నుంచి కన్నీళ్లు పెట్టే మొహం దాకా. "నీకిప్పుడు ఏ మొహంలా ఉంది?" అని అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. 1980లలో డోనా వాంగ్, కానీ బేకర్ అనే ఇద్దరు పిల్లలతో కలిసి తయారుచేశారు. ఆ ఇద్దరిలో వాంగ్ పిల్లల వైద్యంలో పేరున్న నర్సు. మీ వార్డులో ఆ కార్డు ఉందేమో అడగండి.

కానీ ఏ స్కేల్‌కీ తెలియనిది ఒకటుంది. ఈ పిల్లాడు మామూలప్పుడు ఎలా ఉంటాడు అన్నది. జేసీబీ బొమ్మ సంగతి డ్యూటీ డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది? అది మీకే తెలుసు. కాబట్టి రౌండ్స్‌కి వచ్చినప్పుడు "బానే ఉన్నాడు సార్" అని ముగించకండి. ఎంతసేపు నిద్రపోయాడు, ఎన్నిసార్లు మూత్రం పోశాడు, ఏం తిన్నాడు, ఎప్పుడూ చేసేది ఏది చేయట్లేదు, ఈ నాలుగూ ఫోన్ నోట్స్‌లో రాసుకుని చదివి చెప్పండి. ఊపిరి తేడాగా అనిపిస్తే ముందు సిస్టర్‌ని పిలవండి. రాత్రిపూట వచ్చిపోయే తేడా అయితే పదిహేను సెకన్ల వీడియో తీసి పెట్టుకోండి, పొద్దున చూపించవచ్చు. స్మార్ట్‌ఫోన్ ఎందుకూ పనికిరాదు అనే పెద్దవాళ్లకి ఇది మన సమాధానం.

"నిశ్శబ్దంగా ఉన్న పిల్లాడు కుదురుకున్నాడు" అనే పొరపాటు డాక్టర్లూ చేశారు, చాలా ఏళ్లు చేశారు. ఈ కథ నాకు చాలా ఇష్టం, కొంచెం ఓపిగ్గా వినండి. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు హాస్పిటల్లో చేర్చిన పిల్లల్ని అమ్మానాన్నలు రోజూ చూడనిచ్చేవారు కాదు, కొన్నిచోట్ల వారానికి ఒకసారే. వాళ్ల లెక్క ఏంటంటే, అమ్మ వచ్చి వెళ్తే పిల్లలు గొడవ చేస్తున్నారు, రాకపోతే రెండ్రోజులు ఏడ్చి ఊరుకుంటున్నారు, కాబట్టి రాకపోవడమే మంచిది. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన దీన్ని నమ్మలేదు. 1952లో ఓ రెండేళ్ల పాప, బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు హాస్పిటల్లో ఉంటే, రోజూ కెమెరాతో తీశాడు. ఆ పాప పెద్దగా ఏడవదు. మెల్లిమెల్లిగా మూగబోతుంది. ఆ సినిమా చూపిస్తే డాక్టర్లు చాలామంది మండిపడ్డారు. కానీ చూసినదాన్ని చూడలేదని ఎన్నాళ్లు అంటారు? 1959లో ప్లాట్ కమిటీ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది, అమ్మానాన్నల్ని ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల దగ్గర అమ్మ ఉండే వీలు కల్పించాలని. ఇవాళ మంచం పక్కన ఆ ప్లాస్టిక్ స్టూల్ మీద మనల్ని కూర్చోనివ్వడం వెనక ఇంత ఉంది.

నొప్పి కథ ఇంకా ఘోరం. పసిపిల్లలకి నొప్పి అంతగా తెలియదని 1980ల దాకా చాలామంది డాక్టర్లు నమ్మేవారు. నెలలు నిండని పిల్లలకి నొప్పి మందు సరిగ్గా ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. మన దేశంలో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టర్, 1987లో తన బృందంతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. గట్టి నొప్పి మందు ఇచ్చి ఆపరేషన్ చేసిన పసిపిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా ఉన్నాయి, తర్వాత ఇబ్బందులూ తగ్గాయి. అంటే నొప్పి మందు సౌకర్యం కోసం కాదు, కోలుకోవడం కోసం. "ఊరికే మందులెందుకు, అలవాటైపోతుంది" అనే మామయ్య ఒకరు ప్రతి ఇంట్లో ఉంటారు కదా, ఆయనకి ఈ ఒక్క సంగతి చెప్పండి.

ఇప్పుడు మనవాళ్ల అలవాట్లు కొన్ని. "సూది కాదు నాన్నా, చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అంటాం. కుట్టింది. ఇంక మీరు "ఇది ఉత్త స్టిక్కర్ రా" అని నిజం చెప్పినా నమ్మడు, ఈసీజీ స్టిక్కర్ చూసి కూడా గుక్కపెడతాడు. "కొంచెం నొప్పి పుడుతుంది, నేను మూడు లెక్కపెట్టేలోపు అయిపోతుంది, నా చెయ్యి పట్టుకో" అంటే సరిపోతుంది. అలాగే "అల్లరి చేస్తే డాక్టర్ సూది వేస్తారు" అనే మాట. ఇంట్లో అన్నం తినిపించడానికి దాన్ని వాడీ వాడీ, ఇవాళ అదే డాక్టర్ దగ్గరికి తీసుకొచ్చాం. వాడి దృష్టిలో వాడికి శిక్ష పడింది. "నువ్వేం తప్పు చేయలేదు, నీ గుండెలో చిన్న చిల్లు ఉంటే అతుకు వేశారు" అని ఎవరో ఒకరు వాడికి చెప్పాలి. మా ఇంట్లో ఆ మాట మా బావ చెప్పారు, నేను నా గొంతు మీద నమ్మకం లేక పక్కకి తప్పుకున్నా.

అక్క టీ తాగడానికి వెళ్తున్నా "ఇప్పుడే వస్తా" అని జారుకోకుండా, "టీ తాగి వస్తా, అప్పటిదాకా పిన్ని ఉంటుంది" అని చెప్పి వెళ్లేది. ఏడ్చేవాడు. అయినా చెప్పే వెళ్లేది. రెండోరోజుకి "టీ తాగి వచ్చేయ్" అని వాడే అనడం మొదలుపెట్టాడు.

సూది వేసేటప్పుడు, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఫోన్లో వాడికిష్టమైన పాటో, గేమో పెట్టండి. దృష్టి మళ్లిస్తే పిల్లలకి నొప్పి తక్కువ తెలుస్తుందని పరిశోధనల్లోనే తేలింది. అయితే రోజంతా రీల్స్ మాత్రం వద్దు, ఆ తర్వాత ఫోన్ లాక్కోవడం ఇంకో ఆపరేషన్. సబ్బు బుడగలు ఊదే సీసా ఒకటి కొనండి. మా ఫిజియోథెరపిస్ట్ చెప్పిన చిట్కా అది. బుడగ ఊదాలంటే లోతుగా ఊపిరి తీయాలి కదా, వాడికి ఆట, ఊపిరితిత్తులకి ఎక్సర్‌సైజ్. దగ్గేటప్పుడు ఛాతీకి ఓ మెత్తటి దిండో, టెడ్డీయో అదిమి పట్టుకోమంటారు, నొప్పి తగ్గుతుంది.

ఒంటిమీద గొట్టాలతో ఉన్న పిల్లాడి ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. దయచేసి. పెద్దయ్యాక అది చూసుకోవాల్సింది వాడు. ఫ్యామిలీ గ్రూప్‌లో రోజుకి రెండుసార్లు ఒక్కరే అప్‌డేట్ పెట్టండి, ఫోన్లు తగ్గుతాయి. జలుబు ఉన్న చుట్టం ఎంత దగ్గరివాడైనా వార్డు బయటి నుంచే పంపేయండి, ఆ చెడ్డపేరు మీరే తెచ్చుకోండి. అక్కా బావల మీద వేయకండి, వాళ్లకి చాలు ఇప్పటికే.

తిండి విషయానికొస్తే, "పప్పు తింటే చీము పడుతుంది" అనే మాట మీకూ వినిపిస్తుంది. గుడ్డు వద్దంటారు, పెరుగు వద్దంటారు. గాయం మానడానికి ప్రొటీన్ కావాలి, పప్పులో, గుడ్డులో ఉండేదే అది. డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఆపక్కర్లేదు. మా అమ్మమ్మతో నేను వాదించలేదు. రౌండ్స్‌లో డాక్టర్‌ని ఆవిడ ఎదురుగానే అడిగించాను. ఆ సాయంత్రం ముద్దపప్పు ఆవిడే కలిపి పెట్టింది.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను, ఇంకో ఎపిసోడ్ కావాలి దానికి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి పది లక్షలు. పథకంలో ఉన్న హాస్పిటల్లో దానికో హెల్ప్ డెస్క్ ఉంటుంది, అడ్మిషన్‌కి ముందే అక్కడికి వెళ్లండి.

ఇంటికొచ్చాక. ఛాతీ ఎముక అతుక్కోవడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. ఒక చెయ్యి వీపు వెనక, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. ఇంటికొచ్చే ప్రతి మనిషికీ ఇది చేసి చూపించండి, ఎందుకంటే మన చుట్టాలు గుమ్మంలోనే చంకల్లో చేతులేసి పైకి ఎగరేస్తారు.

పారాసెటమాల్ సిరప్ ఒకే పేరుతో రెండు మూడు బలాల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 120 ఉంటుంది, 125 ఉంటుంది, 250 కూడా ఉంటుంది. డోసు పిల్లాడి బరువుని బట్టి. మందుల షాపులో మారిపోయిందేమో సీసా మీద అంకె చూసుకోండి, ఇంటి చెంచాతో కాకుండా సిరంజితోనో, మూత కప్పుతోనో కొలవండి. పళ్లు రోజూ తోమించండి. చిగుళ్లలోని క్రిములు రక్తంలో కలిసి కొత్త ప్యాచ్ దగ్గర చేరితే పెద్ద ఇన్ఫెక్షన్ అవుతుంది. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే గుండె ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి.

పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ తడపొచ్చు, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవొచ్చు, అమ్మ కొంగు వదలకపోవచ్చు. తిట్టకండి, కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే చెకప్‌లో చెప్పండి. డాక్టర్ ఆట ఆడితే ఆడనివ్వండి, జరిగినదాన్ని పిల్లలు అలాగే అరిగించుకుంటారట. మావాడు సూది లేని సిరంజితో మా అమ్మమ్మకి రోజుకి ఆరు ఇంజెక్షన్లు వేసేవాడు. "కొంచెం నొప్పి పుడుతుంది, మూడు లెక్కపెట్టు" అని చెప్పి మరీ.

చెకప్ తేదీ దాకా ఆగకూడనివి ఇవి: జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, ఊపిరి వేగంగా తీయడం, పక్కటెముకలు లోపలికి లాగడం, పెదాలు నీలంగా మారడం, ఆగని వాంతులు, మూత్రం బాగా తగ్గడం, మరీ మగతగా ఉండటం. డిశ్చార్జ్ అయిన రెండు మూడు వారాల తర్వాత వచ్చినా సరే, వెంటనే హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి. పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆడకపోయినా ఇంక ఫోన్లు వద్దు, 108కి చేసి బయల్దేరడమే. డిశ్చార్జ్ సమ్మరీ ప్రతి పేజీ ఫొటో తీసి అక్క ఫోన్లో, బావ ఫోన్లో, మీ ఫోన్లో పెట్టండి. వార్డు నంబర్ కూడా ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి. అర్ధరాత్రి అవసరమైనప్పుడు ఫైలు బీరువాలో, తాళం అత్తగారి దగ్గర ఉంటుంది కాబట్టి.

ఉంటానండి మరి.